సైకిల్ రేసు కోర్సులను పోల్చి చూడటం, వాటికి సిద్ధం కావడం ఎలా?

రెండు రేసుల ప్రకటనలను పక్కపక్కన పెట్టుకొని, దూరం ఎన్ని కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు, అంటే దారిలోని మిట్టలన్నీ కలిపి ఎక్కే ఎత్తు, ఎన్ని మీటర్లు అన్న రెండు అంకెలు మాత్రమే చూసి, ఇది తేలిక, అది కష్టం అని తేల్చుకొనేవారిని నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఏటా చూస్తున్నాను. వారిలో చాలామంది కాళ్ళలో సత్తువ ఉన్నవారే, నెలల తరబడి కోడి కూసే వేళకు లేచి సాధన చేసినవారే. అయినా సగం దూరంలోనే గుంపు నుంచి విడిపోయి, మిగిలిన దారంతా ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కుకుంటూ వస్తారు. కోర్సును, అంటే రేసు జరిగే దారిని, చదవడం ఎవరూ నేర్పకపోవడం వల్లనే ఇలా జరుగుతోందని నా అభిప్రాయం. అందుకే ఆ పనిని మొదటి నుంచి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రేసు వేరు, బ్రెవె వేరు. బ్రెవె అంటే పోటీ లేకుండా, గడువులోగా దూరాన్ని పూర్తిచేసే సుదీర్ఘ సైకిల్ ప్రయాణం. బ్రెవెలో 200 కి.మీ.కు పదమూడున్నర గంటలు, 300 కి.మీ.కు 20 గంటలు గడువు ఉంటుంది. ఆ గడువులోగా చేరుకొన్న వారందరూ సమానమే. అక్కడ పనికివచ్చిన ఓపిక రేసులోనూ అవసరమే కాని, అక్కడి లెక్కలు ఇక్కడ పనికిరావు. బ్రెవెలో ఒక మిట్ట మీద రెండు నిమిషాలు వెనకబడితే ఏమీ కాదు. రేసులో ఆ రెండు నిమిషాలతోనే గుంపు వెళ్ళిపోతుంది.

సామగ్రి

మంచి స్థితిలో ఉన్న రోడ్డు సైకిలు, హెల్మెట్, రెండు నీళ్ళ సీసాలు, రెండు ట్యూబులు, చిన్న పంపు, టైరు విప్పే పట్టీలు ఉంటే చాలు. టైర్లు 28 మి.మీ. వెడల్పువే వేయాలి. మన దారుల అంచుల్లో సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్నంతకాలం సన్న టైర్ల గురించి ఆలోచించవలసిన పని లేదు. వీటితోపాటు ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకోవాలి. ఫోనులో రాసుకొంటామంటారు కాని, ఫోనులో రాసింది మళ్ళీ తెరిచి చూసినవారిని నేను చూడలేదు. చేతితో రాసిన కోర్సు మాత్రం మనసులో నిలిచిపోతుంది.

పటం తెచ్చుకోవడం

నిర్వాహకులు ఇచ్చే దారి ఫైలును స్ట్రావా, రైడ్ విత్ జీపీఎస్ వంటి ఫోను యాప్‌లో తెరిస్తే ఎత్తుపల్లాల పటం కనిపిస్తుంది. ఫైలు ఇవ్వకపోతే ఊర్ల పేర్లను బట్టి దారిని మనమే గీసుకోవచ్చు. పది నిమిషాల పని ఇది. పోల్చదలచిన రెండు కోర్సులనూ ఒకే యాప్‌లో తెరవాలని మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకే దారికి ఒక్కో యాప్ ఒక్కో మొత్తం చూపిస్తుంది కాబట్టి, ఒక కోర్సు అంకెను ఒక చోట నుంచి, రెండో కోర్సు అంకెను మరో చోట నుంచి తెచ్చి పోల్చడం గజంతో కొలిచిన బట్టను మీటరుతో కొలిచిన బట్టతో పోల్చడం వంటిది.

కిలోమీటరు కిలోమీటరుగా విడగొట్టడం

అందరూ తొందరపడి పాడుచేసుకొనేది ఈ మెట్టునే. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి.

80 కి.మీ. కోర్సులు రెండు ఉన్నాయని, రెండింటిలోనూ మొత్తం ఎక్కుడు 600 మీటర్లేనని అనుకొందాం. మొదటి దానిలో ఆ 600 మీటర్లు పదిహేనేసి మీటర్ల మిట్టలుగా నలభై చోట్ల పరచుకొని ఉన్నాయి. కొండమల్లేపల్లి నుంచి పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్ వైపు వెళ్ళే దారిని తొక్కినవారికి ఈ రకం నేల ఎలా ఉంటుందో తెలుసు. రెండవ దానిలో 400 మీటర్లు ఒకేచోట, ఐదు శాతం వాలుతో, అంటే వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కుతూ, ఎనిమిది కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి. మిగిలిన 200 మీటర్లు అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. అచ్చంపేట దిక్కు నుంచి నల్లమల మీదికి ఎక్కే దారులు ఈ జాతివి. మొదటి కోర్సులో ఒక్కో మిట్ట ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. వేగంగా వచ్చిన ఊపులోనే సగం మిట్ట ఎక్కేస్తాము, బరువైన మనిషి కూడా, ముందువారు గాలిని అడ్డుకొంటారు కనుక, గుంపు చాటున నిలబడగలడు. రెండవ కోర్సులో గంటకు 12 కి.మీ. వేగంతో వెళ్ళినా నలభై నిమిషాలు ఆగకుండా ఎక్కాలి. ఆ వేగంలో గాలి చాటుతో పెద్దగా ప్రయోజనం ఉండదు కనుక, ప్రతివారూ తమ బరువును తామే మోసుకొని వెళ్ళవలసి ఉంటుంది. అంకె ఒకటే అయినా, మొదటిదానిలో నలభై చోట్ల ఒక్కసారిగా దూకగలిగినవాడు గెలుస్తాడు, రెండవదానిలో బరువుకు తగిన బలాన్ని నిలకడగా ఇవ్వగలిగినవాడు గెలుస్తాడు.

అందువల్ల నోటుపుస్తకంలో ప్రతి కిలోమీటరుకు ఒక వరుస గీసి, నాలుగు విషయాలు రాయాలి. ఆ కిలోమీటరులో ఎన్ని మీటర్లు ఎక్కుతున్నాము, దారి ఏ దిక్కుకు పోతోంది, రోడ్డు ఎలా ఉంది, దానికి ముందున్న కిలోమీటరులో ఏమి జరిగింది. నాలుగవది అనవసరమని చాలామంది వదిలేస్తారు. నిజానికి అదే ముఖ్యం. నాలుగు శాతం మిట్ట పల్లం తర్వాత వస్తే ఒక రకం, ఊరిలోని మలుపులో బ్రేకులు వేసి దాదాపు ఆగిపోయిన తర్వాత వస్తే పూర్తిగా మరో రకం. 10వ కిలోమీటరులో ఉన్నది ఎవరికీ గుర్తుండదు, 70వ కిలోమీటరులో ఉన్న అదే మిట్ట రేసును తేల్చేస్తుంది. చివరి మూడవ వంతులో వచ్చే ప్రతి ఎక్కుడును నేను రెండింతలు చేసి లెక్కిస్తాను.

యాప్ చూపించే వాలును ఉన్నదున్నట్టుగా నమ్మకూడదు. యాప్‌లలో చాలావరకు ఎత్తు లెక్కలు ఉపగ్రహాలు, అంతరిక్ష నౌకలు కొలిచిన నేల ఎత్తుల నుంచి వచ్చినవి. గుట్టను తొలిచి వేసిన రోడ్డు దగ్గర ఆ లెక్క రోడ్డు ఎత్తును కాక పక్కనున్న గుట్ట ఎత్తును చూపవచ్చు. వంతెన దగ్గర వాగులోకి దిగి మళ్ళీ ఎక్కినట్టు చూపవచ్చు. వంద మీటర్లలో పద్దెనిమిది శాతం అని కనిపించినప్పుడు అది నిజమైన మిట్టా, లెక్కలోని తప్పా అన్నది అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప తెలియదు. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును కొలిచే సైకిల్ కంప్యూటరు ఉంటే, ఆ దారిని ఒకసారి తొక్కి వచ్చిన లెక్కనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఇక దిక్కు. ఎక్కుడు గురించి అడిగినవారు నాకు వందమంది తారసపడి ఉంటారు, గాలి గురించి అడిగినవారు చాలా తక్కువ. మన ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ మీదుగా దేవరకద్రకు జులైలో వెళ్ళడమంటే దాదాపు దారి పొడవునా ఎదురుగాలిలో వెళ్ళడమే. గంటకు 30 కి.మీ. వేగంతో తొక్కేవారికి గంటకు 15 కి.మీ. ఎదురుగాలి తగిలితే శరీరానికి తాకే గాలి వేగం 45 అవుతుంది. గాలి అడ్డగింపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది రెండుంపావు రెట్లు అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ గాలే వెనక నుంచి తోస్తుంది కదా అంటారు. పోయేటప్పుడు ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ, వచ్చేటప్పుడు కలిసివచ్చే సమయం తక్కువ. పోగొట్టుకొన్నది పూర్తిగా తిరిగి రాదు.

పక్కగాలి దీనికన్నా ప్రమాదకరం. జడ్చర్ల నుంచి కొత్తకోట వైపు దక్షిణంగా వెళ్ళే దారిలో పడమటి గాలి కుడివైపు నుంచి కొడుతుంది. అప్పుడు ముందున్నవాడి వెనక కాక, అతనికి ఎడమ పక్కగా కాస్త వెనకగా ఉంటేనే చాటు దొరుకుతుంది. మనం ఎడమవైపునే వెళ్తాము కనుక నలుగురైదుగురు అలా ఐమూలగా సర్దుకొనేసరికి రోడ్డు అంచు వచ్చేస్తుంది. ఆరవవాడికి చోటు ఉండదు, చాటూ ఉండదు. కొన్నేళ్ళ క్రితం నేను పాల్గొన్న ఒక రేసులో మొత్తం ఎక్కుడు 300 మీటర్లకు మించదని చూసి, సాధనంతా వేగం మీదే పెట్టుకొని వెళ్ళాను. 50వ కిలోమీటరు దాటాక దారి ఒక ఊరి దగ్గర దక్షిణానికి తిరిగింది. చెట్లు అయిపోయి బీడు నేల మొదలైంది. మలుపు తిరిగేటప్పుడు నేను గుంపులో ఇరవయ్యో స్థానంలో ఉన్నాను. రెండు కిలోమీటర్లు గడవకముందే గుంపు మూడు ముక్కలైంది, నేను మూడవ ముక్కలో మిగిలిపోయాను. మిట్ట అన్నదే లేని చోట రేసు పోయింది. ఆ మలుపు పటంలో స్పష్టంగానే ఉంది. నేను దాన్ని చూశాను కాని రాసుకోలేదు.

వరుసలన్నీ నిండాక రేసును తేల్చే చోట్లను ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాలి. నాలుగు నిమిషాలకు మించి సాగే ప్రతి ఎక్కుడుకూ, బయలు నేలలో దిక్కు మారే ప్రతి మలుపుకూ, ఊర్లో ఇరుకై బయట మిట్టగా మారే ప్రతి చోటుకూ ఒక్కో గుర్తు పడాలి. రెండు కోర్సులను పోల్చడమంటే ఈ ఎర్ర గుర్తులు ఎన్ని ఉన్నాయి, ఏ కిలోమీటర్ల దగ్గర ఉన్నాయి అని పోల్చడమే. ఎక్కుడులన్నీ మొదటి సగంలోనే ముగిసే కోర్సు బరువైనవారికి అనుకూలిస్తుంది. అవి చివర్లో ఉన్న కోర్సుకు బక్కపలచని వారు వెళ్ళాలి. కొందరు దూరాన్ని, ఎక్కుడును కలిపి ఒకే అంకెగా మార్చే సూత్రాలు వాడుతుంటారు. పైన చెప్పిన రెండు కోర్సులకూ ఆ సూత్రం ఒకే జవాబు ఇస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టడం మేలు.

నేల మీద చూడటం

కోర్సును కనీసం ఒకసారి సైకిలు మీద చూడాలి. కారులో చూస్తే వాలు తెలియదు. రేసు మొదలయ్యే గంటకే బయలుదేరాలి, వీలైతే రేసు జరిగే నెలలోనే వెళ్ళాలి. హాలియా, మిర్యాలగూడ ఆయకట్టు దారులు వేసవి మధ్యలో ఖాళీగా ఉంటాయి కాని, కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రైతుకు వేరే కల్లం లేక అక్కడ పోసుకొంటాడు. కుప్ప అంచున పెట్టిన రాళ్ళను చూసుకొని తప్పుకోవలసిన బాధ్యత మనది. పాలమూరు వైపు పొద్దున గొర్రెల మందలు రోడ్డు దాటుతాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు ప్రతి ఊరి ముందూ, వెనకా ఉంటాయి. చివరి కిలోమీటరులో ఉన్నవాటిని ఒక్కటి కూడా విడవకుండా రాసుకోవాలి.

నల్లమల దారులను పగటిపూటే చూడాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. దోమలపెంట దాటాక పాతాళగంగ వంతెన వైపు దిగే వంపుల్లో ఎదురుగా బస్సులు వస్తుంటాయి కనుక, దిగేటప్పుడు మన పక్కను విడిచిపెట్టకూడదు.

సాధన, గేర్లు

ఎనిమిది వారాలు చాలు. మిట్టల కోర్సు అయితే వారానికి రెండు రోజులు, ఒక్కో నిమిషం చొప్పున పది పన్నెండు సార్లు పూర్తి బలంతో తొక్కి మధ్యలో రెండేసి నిమిషాలు ఊపిరి తీసుకోవాలి. పొడవైన ఎక్కుడు ఉన్న కోర్సు అయితే పది పన్నెండు నిమిషాల చొప్పున మూడు నాలుగు సార్లు నిలకడగా తొక్కాలి. నల్లగొండ వారికి చెర్వుగట్టు ఘాట్ రోడ్డు, మహబూబ్‌నగర్ వారికి మన్యంకొండ దారి ఉన్నాయి. రెండూ గుడికి వెళ్ళే దారులే కనుక అమావాస్య నాడు చెర్వుగట్టుకూ, జాతర రోజుల్లో మన్యంకొండకూ వెళ్ళకూడదు. అవి పొట్టి ఎక్కుడులు కాబట్టి మిగిలిన సాధనను ఎదురుగాలిలో, బరువైన గేరులో చేసుకోవచ్చు.

గేర్లను కోర్సును బట్టి మార్చుకోవాలి. సైకిలుతో కలిపి 80 కిలోలున్న మనిషి ఎనిమిది శాతం వాలు మీద నిమిషానికి అరవైసార్లు పెడలు తిప్పుతున్నాడనుకొందాం. ముందు 34, వెనక 32 పళ్ళు ఉంటే గంటకు 8 కి.మీ. వేగం వస్తుంది, బరువును పైకి లాగడానికి దాదాపు 140 వాట్లు సరిపోతాయి. వెనక 25 పళ్ళే ఉంటే అదే తిప్పుడుకు గంటకు 10 కి.మీ. దాటుతుంది కాని 180 వాట్లు కావాలి. ఆ 180 వాట్లు నలభై నిమిషాలు ఇవ్వలేనివాడు మోకాళ్ళు అరగదీసుకొంటూ ఇంకా నెమ్మదిగా తిప్పవలసి వస్తుంది. పెద్ద క్యాసెట్, అంటే వెనక ఎక్కువ పళ్ళున్న చక్రాల గుత్తి, వేసుకోవడాన్ని నామోషీగా భావించే అలవాటు మన క్లబ్బుల్లో ఉంది. అది పోవాలి.

చివరి వారం, రేసు రోజు

చివరి వారంలో దూరాన్ని సగానికి తగ్గించి, రెండు రోజులు మాత్రం కొద్దిసేపు వేగంగా తొక్కాలి. కొత్త చెప్పులు, కొత్త సీటు, కొత్త తిండి ఏదీ మొదలుపెట్టకూడదు. ముందు రోజు రాత్రి అన్నం, పప్పుచారు తినాలి. రేసులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. పల్లీపట్టి మనవాళ్ళకు ఇష్టమే కాని, పల్లీల్లోని కొవ్వు అరగడానికి సమయం పడుతుంది కనుక దాన్ని రేసు అయ్యాక తినాలి. ఒక సీసాలో ఓఆర్ఎస్, రెండవ దానిలో వట్టి నీళ్ళు ఉండాలి. మార్చి దాటితే వట్టి నీళ్ళలో సగం తల మీద పోసుకోవడానికే.

ముందు రోజు సాయంత్రం నోటుపుస్తకం తీసి ఎర్ర గుర్తుల్లో అతి ముఖ్యమైన ఐదింటిని ఎంచుకోవాలి. వాటి కిలోమీటరు అంకెలను వేలెడంత వెడల్పున్న కాగితపు పట్టీ మీద పెద్ద అక్షరాలతో రాసి, హ్యాండిల్ మధ్యన పారదర్శకమైన టేపుతో అంటించాలి. ఒక్కో అంకె పక్కన ఒక్క మాటే ఉండాలి: "ముందుకు", "కుడిగాలి", "చిన్న గేరు", "తిను". ప్రతి గుర్తుకూ రెండు కిలోమీటర్ల ముందే గుంపులో మొదటి పదిమందిలోకి చేరాలి. గుర్తు దగ్గరికి వచ్చాక ముందుకు పోదామనుకొంటే అప్పటికే దారి మూసుకుపోయి ఉంటుంది.