ఏపీఏ సదస్సుకు ప్రతిపాదన పంపేముందు

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) వార్షిక సదస్సు ఆగస్టులో జరుగుతుంది. అక్కడ మీ పరిశోధనను సమర్పించడానికి పంపే ప్రతిపాదన పని అంతకుముందు ఏడాది చివర్లోనే మొదలుపెట్టాలి.

ముందు డివిజన్ (సైకాలజీలో ఒక్కో అంశానికి సంఘంలో ఉన్న విభాగం) తేల్చుకోండి. మొత్తం 54 ఉన్నాయి (నంబర్లు 56 దాకా ఉన్నా 4, 11 ఖాళీ). బడిపిల్లల ఆందోళనపై అధ్యయనమనుకోండి: పని తరగతి గదిలో జరిగితే 16, స్కూల్ సైకాలజీ. చికిత్స ఫలితాలే ప్రధానమైతే 53, పిల్లలు, కౌమారుల క్లినికల్ సైకాలజీ. మీ ప్రతిపాదన ఎవరి చేతిలో పడుతుందో ఇక్కడే తేలిపోతుంది.

ఒకే అధ్యయనమైతే పోస్టర్ చాలు. సింపోజియం (ఒకే అంశంపై పలు పత్రాలు కలిపి చదివే సమావేశం) అడగాలంటే పత్రాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి. స్నేహితుల పత్రాలను గుదిగుచ్చితే సమీక్షకులు ఇట్టే పసిగడతారు.

సారాంశంలో నమూనా పరిమాణం, కొలమానం, విశ్లేషణ పద్ధతి, ఎఫెక్ట్ సైజ్ (ప్రభావం ఎంత పెద్దదో చెప్పే కొలత) అంకెల్లో ఉండాలి. ‘ఫలితాలు సదస్సులో చర్చిస్తాం’ అని రాస్తే మార్కులు వేయడానికి అక్కడేమీ మిగలదు. డేటా సేకరణ నడుస్తుంటే ఎంత పూర్తయిందో చెప్పండి.

పేర్లు లేకుండా సమీక్షించే చోట విశ్వవిద్యాలయం పేరు, ‘మా గత అధ్యయనంలో’ లాంటి మాటలు, ఫైల్ ప్రాపర్టీస్‌లోని రచయిత పేరు తీసేయండి. చివరిదే ఎక్కువమంది మరిచిపోతారు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లేవారు అంగీకార పత్రం అందగానే వీసా స్లాట్ చూసుకోవాలి.