బీపీ గోళీలు వేసుకున్నా తగ్గట్లేదా? రాత్రి గురక సంగతి చూడండి

మూడు రకాల బీపీ గోళీలు వేసుకుంటున్నారు, మామిడికాయ తొక్కు మానేశారు, అయినా దవాఖానకు పోయిన ప్రతిసారీ పై అంకె 160 దగ్గరే ఉంటోంది. ఇట్లాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, నాలుగో గోళీ రాయించుకునే ముందు రాత్రి ఎట్లా నిద్రపోతున్నాడో చూడండి. మన దగ్గర గురక పెడితే మంచిగ నిద్రపట్టిందని సంబరపడతారు గానీ గట్టి గురక, మధ్యలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోవడం, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి లాక్కోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే అది స్లీప్ ఆప్నియా కావచ్చు.

లోపల జరిగేది ఇది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు, కొందరికి అంతకంటే చాలా ఎక్కువసేపు ఊపిరి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి ఒంటిని లేపుతుంది, ఆ క్షణంలో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎగదన్ని గుండె వేగం, బీపీ రెండూ పైకి పోతాయి. పొద్దున ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. గంటకు 30 సార్లు అయితే ఏడు గంటల నిద్రలో 210 సార్లు అన్నమాట. మామూలుగా రాత్రిపూట బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి, వీళ్లలో చాలామందికి దిగదు. రక్తనాళాలు బిగుసుకునే అలవాటు పగలు కూడా పోదు. మూసుకుపోయిన గొంతులోంచి గాలి లాగే ప్రయత్నంలో ఛాతీలో పుట్టే ఒత్తిడికి గుండె పై గదులు సాగుతాయి, అందుకే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం, గుండె వైఫల్యం వీళ్లలో ఎక్కువ కనిపిస్తాయి.

ముందు ఇంట్లోనే చూసుకోండి. గురక గట్టిగా ఉందా, పగలు అలసటగా ఉందా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బాగా లావా (బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 35 పైన), వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా (టైలర్ టేపు చాలు), మగవారా? డాక్టర్లు అడిగే ఎనిమిది ప్రశ్నలు ఇవే. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే పరీక్ష వాయిదా వేయొద్దు. పొద్దున తలనొప్పి, రాత్రి మాటిమాటికి మూత్రానికి లేవడం కూడా చెప్పండి. సాక్ష్యం మాత్రం పక్కన పడుకునేవాళ్లదే. ఇంటావిడ దిండు తీసుకుని వేరే గదిలోకి పోయిందంటే సగం రిపోర్టు వచ్చినట్టే, ఎండాకాలం డాబా మీద పడుకుంటే మిగతా సగం పక్కింటోళ్లు ఇస్తారు. ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు వీడియో తీసి పెట్టుకోండి.

ఆడవాళ్లను ఇందులో మర్చిపోతారు. నెలసరి ఆగిపోయాక వాళ్లకూ ఈ ముప్పు పెరుగుతుంది, గురక కంటే నీరసం, నిద్ర పట్టకపోవడం అని చెప్పుకుంటారు కాబట్టి దొరక్కుండా పోతుంది. సన్నగా ఉన్నా దవడ చిన్నదైతే రావచ్చు.

బీపీ కూడా సరిగ్గా చూడండి. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, మాట్లాడకుండా, జబ్బకు కట్టే మిషన్‌తో, పొద్దున గోళీకి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం పాటు రాసుకోండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువే. ఆ కాగితం, వీడియో, గోళీల కవర్లు పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి గానీ ఈఎన్‌టీ దగ్గరికి గానీ వెళ్లండి. హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా ఫోన్ చేసి "స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో చూసే పరీక్ష) చేస్తారా, ఆ పరీక్ష మిషన్ ఇంటికి ఇస్తారా" అని ముందే అడిగితే తిరుగుడు తప్పుతుంది. ఊపిరి గంటకు 5 నుంచి 15 సార్లు ఆగితే తక్కువ స్థాయి, 30 కి వస్తే తీవ్రం. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచీ నిద్ర బాగుందని చెప్పినంత మాత్రాన జబ్బు లేదనుకోకండి.

తీవ్రంగా ఉంటే సీప్యాప్ మిషన్ రాస్తారు, మాస్కు గుండా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకోకుండా పట్టి ఉంచుతుంది. 1981 లో ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సల్లివన్ దీని గురించి మొదట ప్రకటించారు. కొందరు మొదట్లోనే అటక మీద పెట్టేస్తారు, సమస్య చాలాసార్లు మాస్కు సైజులోనే ఉంటుంది, కొనే ముందు రెండు మూడు రకాలు పెట్టి చూడండి. ముక్కు ఎండిపోతుంటే తేమ పెట్టే డబ్బా ఉన్నది తీసుకోండి, కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టర్ చూసుకోండి. ఆశలు మాత్రం అతిగా పెట్టుకోవద్దు. బీపీ సగటున రెండు మూడు పాయింట్లు తగ్గుతుంది, గోళీలకు లొంగని బీపీలో ఇంకొంచెం ఎక్కువ. గుండెపోటును ఆపుతుందా అంటే పెద్ద పరిశోధనల్లో ఇంకా గట్టిగా తేలలేదు, 2016 లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో తేడా కనిపించలేదు, అయితే అందులో వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున మూడు గంటల పైచిలుకే. పెట్టుకుంటే రాత్రంతా పెట్టుకోవాలి.

బరువు తగ్గితే ఊపిరి ఆగడమూ తగ్గుతుంది, పక్కకు తిరిగి పడుకున్నా కొందరికి చాలా తేడా. రాత్రి కల్లు, మందు, నిద్రగోళీలు గొంతును ఇంకా వదులు చేస్తాయి, దావత్ రాత్రి గురక రెట్టింపు కావడం అందుకే. సింగరేణి నైట్ షిఫ్ట్ వాళ్లు, లారీ, ఆటో నడిపేవాళ్లు పగటి కునుకును అలసట అని కొట్టిపారేయకండి, స్టీరింగ్ ముందు ఒక్క కునుకు చాలు.

మిషన్ మొదలుపెట్టాక బీపీ తగ్గిందని గోళీలు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరే తగ్గిస్తారు. ఏ ఆపరేషన్‌కు పోయినా, పన్ను పీకడానికి మత్తు ఇస్తామన్నా సరే, ఈ జబ్బు ఉన్న సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పి మిషన్ వెంట తీసుకెళ్లండి.