మార్చురీలో ఉన్నది మనవాళ్లేనని తెలిస్తే: మృతదేహం అప్పగింతకు దరఖాస్తు ఎలా?

‘గుర్తు తెలియని మృతదేహం, ఆనవాళ్లు తెలిసినవారు సంప్రదించగలరు’ అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. చూసి గుర్తుపట్టినవాళ్లు నేరుగా పెద్దాసుపత్రి మార్చురీకి పరిగెడతారు. అక్కడ ‘పోలీసు లెటర్ తెచ్చుకోండి’ అని తిప్పి పంపిస్తారు. ఏడుస్తూ గేటు బయట నిలబడ్డ ఇలాంటివాళ్లనే దళారులు పట్టుకుంటారు. ‘లోపల మాట్లాడి ఇప్పిస్తాను, ఇంతవుతుంది’ అంటారు. దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దేహాన్ని అప్పగించే అధికారం మార్చురీ సిబ్బందికీ లేదు, పోస్టుమార్టం చేసే డాక్టరుకూ లేదు. దర్యాప్తు చేస్తున్న పోలీసు అధికారి రాసిస్తేనే ఇస్తారు, ఆ కాగితానికి ఫీజు లేదు.

అనుమానాస్పద మరణమైనా, ప్రమాదమైనా, ఆత్మహత్యయినా పోలీసులు కేసు కట్టి, స్థానికులు కనీసం ఇద్దరి సమక్షంలో శవ పంచనామా చేసి, పోస్టుమార్టానికి పంపుతారు. 2024 జూలై 1 నుంచి ఇది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 194 కింద జరుగుతోంది. అంతకుముందు కాగితాల్లో పాత చట్టమైన సీఆర్‌పీసీ 174 అని ఉంటుంది. ఎవరూ రాకపోతే సాధారణంగా 72 గంటలు చూస్తారు. అందుకే ఆలస్యం చేయకూడదు.

ఎక్కువమంది దెబ్బతినేది స్టేషను విషయంలోనే. మనిషి కనబడటం లేదని మీరు ఫిర్యాదు ఇచ్చిన స్టేషను వేరు, దేహం దొరికిన చోటి స్టేషను వేరు కావచ్చు. అప్పగింత లెటర్ ఇవ్వాల్సింది రెండోది. శ్రీకాకుళం నుంచి తాపీ పనికి వచ్చిన మనిషి మియాపూర్‌లో ఉండేవాడనుకుందాం. అక్కడ మిస్సింగ్ కేసు పెట్టారు, దేహం దొరికింది ఘట్‌కేసర్ వైపు. మియాపూర్ పోలీసులు ఎంత మంచివాళ్లయినా ఆ లెటర్ ఇవ్వలేరు. రైలు పట్టాల మీద దొరికితే లోకల్ స్టేషను కూడా కాదు, రైల్వే పోలీసుల దగ్గరికి, అంటే సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి వంటి జీఆర్పీ స్టేషన్లకు వెళ్లాలి. 108లో తెచ్చి పేరు తెలియకుండా చేర్చాక చనిపోయి ఉంటే, ఏ స్టేషను పరిధో ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టులో చెబుతారు.

కాబట్టి మార్చురీలో అడగాల్సింది ఒక్కటే: ‘రిజిస్టర్‌లో ఏ స్టేషను, క్రైమ్ నంబరెంత?’ ఆ రెండూ రాసుకుని స్టేషనుకు వెళ్లండి. అక్కడ ముందు ఫొటోలు, బట్టలు, ఒంటి మీద దొరికిన వస్తువులు చూపిస్తారు. దేహం పాడైపోయి ముఖం తెలియకపోతే పచ్చబొట్టు, పాత ఆపరేషన్ మచ్చ, కట్టుడు పన్ను, మొలతాడు ఇవే ఆధారం. ఇంట్లో ఆడవాళ్లను అడిగి ఇవి ముందే రాసుకుని వెళ్లడం మంచిది.

దరఖాస్తు తెల్లకాగితం మీద మీరే రాయవచ్చు: ‘స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. క్రైమ్ నంబరు ఫలానాలోని మృతదేహం మా తమ్ముడిదని బట్టలు, కుడిచేతి పచ్చబొట్టు చూసి గుర్తించాను. అంత్యక్రియలకు అప్పగించగలరని మనవి.’ కింద సంతకం, ఫోన్ నంబరు. మీ ఆధార్, చనిపోయినవారి ఆధార్, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు జతచేయండి. ఊరి పంచాయతీ నుంచి బంధుత్వం రాయించుకుని వస్తే ఇంకా నయం. భార్య, తల్లిదండ్రులు విడివిడిగా ఉంటే, అప్పగింతకు అభ్యంతరం లేదని మిగతావాళ్ల సంతకం తీసుకోండి. ఈ గొడవ మార్చురీ ముందు మొదలైతే తేలడం చాలా కష్టం. ‘ఇన్నాళ్లూ ఏం చేశారు’ అని స్టేషనులో గట్టిగా అడిగితే భయపడకండి. ఆలస్యంగా తెలియడం నేరం కాదు.

ప్రభుత్వాసుపత్రిలో పోస్టుమార్టానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లడానికి ఆంధ్రాలో మహాప్రస్థానం, తెలంగాణలో పార్థివ వాహనాలు ఉచితం. ప్రైవేటు అంబులెన్సు మాట్లాడేముందు ఆసుపత్రిలో వీటి గురించి అడగండి.

మీరు వెళ్లేసరికే మున్సిపాలిటీ వాళ్లు అంత్యక్రియలు చేసేసి ఉండవచ్చు. అనాటమీ చట్టం కింద మెడికల్ కాలేజీకి ఇచ్చి ఉండనూ వచ్చు. అయినా అంతా అయిపోయిందని వెనక్కి రాకండి. ఫొటోలు, బట్టలు, వేలిముద్రలు కేసు ఫైలులో ఉంటాయా, డీఎన్‌ఏ నమూనా తీశారా అని రాతపూర్వకంగా అడగండి. నమూనా ఉంటే మీ రక్తంతో పోల్చి చూడమని కోరవచ్చు.

గుర్తింపు తేలాక మరణ ధ్రువపత్రం. ఇది మీ ఊళ్లో కాదు, మరణం జరిగిన చోటే నమోదవుతుంది. ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని ముందే నమోదై ఉంటే, పోలీసుల గుర్తింపు లెటర్, పంచనామా నకలు పెట్టి ఆ నమోదును సరిచేయమని రిజిస్ట్రారుకు దరఖాస్తు ఇవ్వండి. 1969 జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 15 తప్పులు దిద్దే అధికారం ఆయనకే ఇచ్చింది. అసలు నమోదే కాకుండా ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. బీమా, పింఛను, పొలం పాస్‌బుక్ మార్పు అన్నీ ఈ పత్రం మీదే ఆధారపడతాయి కాబట్టి, దినాలు కాగానే ఈ పని మొదలుపెట్టండి.