బల్ల మీద రణభూమి, నాలుగో పాఠం: పగిలిన నేల, తుమ్మ చెట్టు

యుద్ధ దృశ్యాన్ని బొమ్మ ట్యాంకులు, సైనికులతో చిన్న సైజులో బల్ల మీద కట్టడాన్నే డయోరమా అంటాం. ఇది అందులో చెట్టు పాఠం. కానీ పోయిన పాఠం చదివి నేల చేసినవాళ్లు పంపిన ఫోటోలు చూశాక, ముందు నేల సంగతి తేల్చకుండా చెట్టు దగ్గరికి వెళ్లే పరిస్థితి లేదు. కొందరి నేల నెర్రెలిచ్చింది. కొందరి బేసు మూలలు పైకి లేచాయి. వానలు పడ్డాక బూజు పట్టినవి కూడా ఉన్నాయి.

నెర్రెలు, లేచిన మూలలు ఒకే తప్పుకు రెండు ఫలితాలు. పత్తి చేనులోంచి నల్లరేగడి తెచ్చి, ఫెవికాల్ కలిపి, అర అంగుళం మందాన హార్డ్‌బోర్డు మీద మెత్తారు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం పత్తి చేను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ లాగుడును ఫెవికాల్ ఆపలేదు. మట్టి కుంచించుకుంటూ కిందున్న బోర్డును కూడా లాగేస్తుంది. బోర్డుకు ఒకవైపే తడి తగలడం దీనికి తోడు.

కాబట్టి మట్టిని పైపూతకు మాత్రమే వాడండి. ఎత్తుపల్లాలు థర్మోకోల్‌తో రావాలి. దాని మీద ఫెవికాల్ నీళ్లలో ముంచిన న్యూస్‌పేపర్ ముక్కలు రెండు పొరలు, ఆ పైన పలుచగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్, చివర్లో అగ్గిపుల్ల మందం కూడా లేని మట్టి. బేసుకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని, పని మొదలుపెట్టకముందే పైనా కిందా అంచులకూ వార్నిష్ వేయండి. థర్మోకోల్ అతికించడానికి ఫెవికాలే వాడాలి. చెప్పులు అతికించే పసుపుపచ్చ గమ్ము థర్మోకోల్‌ను తినేస్తుంది. స్ప్రే పెయింట్ కూడా అంతే.

బూజుకు మందు తేలిక. జల్లించిన మట్టిని పాత పెనం మీద ఆవిరి రావడం ఆగేదాకా వేయించండి. అందులోని బూజు, పురుగుల గుడ్లు, గడ్డి వేర్లు చచ్చిపోతాయి. మైదా ఉడికించిన జిగురు మాత్రం వద్దు. వానాకాలంలో బూజుకు అదే మేత.

నెర్రెలిచ్చిన నేలను పారేయాలా అని చాలామంది అడిగారు. మీ డయోరమా ఏ చోటిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1/35 స్కేలులో, అంటే అసలు సైజులో 35వ వంతుగా చేసే బొమ్మల్లో, 3 మిల్లీమీటర్ల నెర్రె అంటే అసలు నేలలో పది సెంటీమీటర్ల వెడల్పు. ఎండాకాలపు రేగడి చేనులో అది మామూలే, ఉంచుకోవచ్చు. కానీ మీలో ఎక్కువమంది చేస్తున్నది 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర జరిగిన అసల్ ఉత్తర్ యుద్ధం. అక్కడ మన సైన్యం పొలాలకు నీళ్లు వదిలింది. పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు బురదలో కూరుకుపోయాయి, చెరకు తోటల్లో దాక్కున్న మనవాళ్ల గురికి దొరికాయి. మన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీది రీకాయిల్‌లెస్ గన్‌తో (జీపు మోయగలిగే తేలిక ఫిరంగి) ట్యాంకులను కొట్టింది అక్కడే. అలాంటి చోట ఎండి బీటలు వారిన నేల పెడితే కథే తప్పిపోతుంది. రంగు కూడా రేగడి నలుపు కాదు, మన చెలకల ఎరుపూ కాదు. అది నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, లేత బూడిద కలిసిన గోధుమ రంగు. తడిస్తే ఒక మెట్టు ముదురుతుంది. మట్టి ఇక్కడిదైనా పర్లేదు, పైన రంగు వేసి అక్కడిది చేయండి.

ఇంకో మాట. పాటన్ సుమారు 45 టన్నులు. మీ ప్లాస్టిక్ కిట్టు కొన్ని వందల గ్రాములు. దానంతట అది దిగబడదు, మీరే దింపాలి. బురద మెత్తగా ఉన్నప్పుడే ట్యాంకు కింద పలుచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి 4 మిల్లీమీటర్ల లోతుకు నొక్కి తీయండి. నేల ఎండిపోయాక ట్యాంకును తెచ్చి పైన పెడితే గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు నాకు విసుగు తెప్పిస్తున్న ఇసుక సంగతి. "అసలు నేల లాగే ఉండాలని అసలు ఇసుకే వాడాను సార్" అంటారు. ఇసుక అసలుదే, కానీ మీ సైనికుడు అసలు మనిషి కాదు, 4.9 సెంటీమీటర్ల మనిషి. బేసు మీద పెట్టే ప్రతి వస్తువునూ 35తో గుణించండి. 1 మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది. 2 మిల్లీమీటర్లది 7 సెంటీమీటర్లు, దాదాపు క్రికెట్ బంతి. ఇల్లు కట్టే ఇసుక చల్లారంటే మీ జవాను క్రికెట్ బంతులు పరిచిన పొలంలో నిలబడ్డట్టు. 5 మిల్లీమీటర్ల మొరం ముక్క 17 సెంటీమీటర్లు దాటిన బండ. టీ జల్లెడతో జల్లించాం కదా అంటారు. టీ జల్లెడ రంధ్రమే దాదాపు మిల్లీమీటరు ఉంటుంది. జల్లెడ తర్వాత పాత కాటన్ పంచె గుడ్డలో కట్టి దులపండి. కింద రాలే దుబ్బే మీ నేల. జల్లెడలో మిగిలింది కూడా పనికొస్తుంది, వాగు ఒడ్డున రాళ్లుగా. 1/72 చేసేవాళ్లు 72తో గుణించుకోవాలి, కాబట్టి మీకు పంచె గుడ్డ తప్పనిసరి. నేనైతే 1/72 జోలికి పోను, చెట్లు చేయాలంటే కళ్లు పోతాయి.

గడ్డికీ ఇదే లెక్క. మోకాలెత్తు గడ్డి 45 సెంటీమీటర్లు అనుకుంటే 13 మిల్లీమీటర్లు. దుకాణంలో కొనే పచ్చగడ్డి పొట్లాలు నాకు నచ్చవు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు. ఎనుమాముల మార్కెట్ దగ్గర పాత గోనె సంచి ఒకటి దొరికితే చాలు. పోగులు విడదీసి, కుచ్చులుగా కత్తిరించి, మొదట్లో ఫెవికాల్ పెట్టి నాటండి. గెట్టు మీద ఒత్తుగా, బండ్ల దారి మధ్యలో పొట్టిగా, చక్రాలు పోయే చోట ఏమీ లేకుండా.

ఇక చెట్టు. మొదటి ప్రశ్న ఏ చెట్టు అని. ఒకాయన పాటన్ పక్కన తాటిచెట్టు పెట్టాడు. చెట్టు చాలా బాగుంది, జనగామ పక్క నుంచి లేపుకొచ్చినట్టే ఉంది. కానీ ఖేమ్‌కరణ్ పొలాల గట్ల మీద తాటి వరస ఎక్కడిది? అదృష్టం ఏమిటంటే పంజాబ్‌లో కీకర్ అనేది మన నల్లతుమ్మే. మన చెరువు కట్టల మీద ఉండేదాన్ని చూసి చేస్తే అక్కడికి సరిపోతుంది. 1971లో రాజస్థాన్ ఎడారిలో జరిగిన లోంగేవాలా యుద్ధం చేసేవాళ్లకూ ఇలాంటి అదృష్టమే. థార్ ఎడారి ఖేజ్రీ అంటే దసరాకు మనం పూజించే జమ్మి. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. కాకపోతే అక్కడి ఇసుక దిబ్బల మీద ఒకటి చాలు, తోట పెట్టకండి.

తుమ్మ కొలతలు ఇలా పెట్టుకోండి: ఎత్తు 7 మీటర్లు, అంటే 20 సెంటీమీటర్లు. మొద్దు చుట్టుకొలత 120 సెంటీమీటర్లు, అంటే మూడున్నరకు కాస్త తక్కువ. మొదటి కొమ్మ సైనికుడి తల ఎత్తున చీలాలి.

తీగ రాగిదే తీసుకోండి, పాత కరెంటు వైరు లోపలిది. సెంట్రింగ్ వాళ్ల బైండింగ్ వైరు చవకే, కానీ ఫెవికాల్ తడికి తుప్పు పట్టి రంగులోంచి మరకలు బయటికొస్తాయి. మోటారు వైండింగ్ తీగకు పూత ఉంటుంది, జిగురు పట్టదు, కాల్చి తీద్దామంటే ఆ పొగ మంచిది కాదు.

28 సెంటీమీటర్ల పోగులు అరవై దాకా కట్టగా పట్టుకోండి. కింద మూడు సెంటీమీటర్లు వేర్లకు వదిలి, ఆ పైన ఐదు సెంటీమీటర్లు మెలితిప్పండి. అక్కడ కట్టను ముప్పై, ఇరవై, పదిగా చీల్చండి. సమానంగా చీల్చితే చెట్టు రాదు, గొడుగు ఊచలు వస్తాయి. ఒక్కో పాయను కొంచెం మెలితిప్పి మళ్లీ చీల్చుకుంటూ, చివరికి రెండేసి పోగులు మిగిలేదాకా పోవాలి. వేర్ల దగ్గర రెండు పోగులు నిటారుగా ఉంచండి, అవే బేసు రంధ్రంలో దిగే మేకులు. మిగతా వేర్లు నేల మీద పరుచుకుని మట్టి కిందికి దూరాలి.

బెరడుకు ఫెవికాల్, ప్లాస్టర్, మెత్తటి రంపపు పొట్టు కలిపిన ముద్ద. మొద్దుకు మూడు నాలుగు పూతలు, కొమ్మలకు ఒకటి, చివర్లకు ఉత్త ఫెవికాల్ నీళ్లు. సగం ఆరినప్పుడు సూదితో నిలువుగా గీయండి. తుమ్మ బెరడు లోతుగా చీలి ఉంటుంది. రంగు బ్రౌన్ కాదు. నలుపుకు దగ్గర బూడిద రంగు వేసి, దాదాపు ఆరిన బ్రష్షుతో అంచుల మీద లేత బూడిద తాకించండి.

ఆకుల దగ్గర తుమ్మ ఒక సౌకర్యం ఇస్తుంది. దాని చిట్టి ఆకులు అసలులోనే కొన్ని మిల్లీమీటర్లు. 35తో భాగిస్తే కంటికి ఆనవు. కాబట్టి ఆకు చేయాల్సిన పని లేదు, పచ్చటి పొగలాంటిది కనబడితే చాలు. కొబ్బరి పీచును అవతలి గోడ కనిపించేంత పలుచగా విప్పి, కొమ్మల చివర సూపర్ గ్లూతో చిన్న చిన్న తునకలు పెట్టండి. హెయిర్ స్ప్రే కొట్టి, మిక్సీలో పట్టిన స్పాంజి పొడిని రెండు ఆకుపచ్చల్లో ముంచి ఆరబెట్టుకున్నది చల్లండి, ముదురు కింద, లేత పైన. మిక్సీ జారు వేరేది పెట్టుకోండి, ఇంట్లో గొడవలు నా మీద పెట్టొద్దు. కొమ్మల మధ్యలో ఖాళీలు ఉండి, వాటిలోంచి వెలుతురు కనిపించాలి. కాలీఫ్లవర్లు చేస్తున్నారు చాలామంది.

అభ్యాసం: మీ ఊరి చెరువు కట్ట మీద ఒక తుమ్మను ఎంచుకోండి. తాడుతో మొద్దు చుట్టుకొలత తీసుకోండి. పక్కన మనిషిని నిలబెట్టి దూరం నుంచి ఫోటో తీసి, మనిషి ఎత్తుతో చెట్టు ఎత్తు లెక్కగట్టండి. 35తో భాగించి, కాగితం మీద మోడల్ సైజులోనే కొమ్మలతో సహా గీయండి. తీగ చెట్టును ఆ బొమ్మ మీద పడుకోబెట్టి పోల్చండి. ఆకులు వేయకముందు తెల్లగోడ ముందు పెట్టి ఫోటో తీయండి. మోడు దశలో తుమ్మ అని గుర్తుపట్టలేకపోతే విప్పి మళ్లీ మెలేయండి, రాగి తీగ తట్టుకుంటుంది. ఇలా మూడు చెట్లు కావాలి, మూడూ వేరు వేరు చెట్లను చూసి చేసినవి.

వచ్చే పాఠం చెరకు. పది సెంటీమీటర్ల చదరపు జాగాలో నూటికి పైగా గడలు పడతాయి, కాబట్టి పాత పొరక ఒకటి ఇప్పుడే దాచిపెట్టుకోండి.