పనోరమా ప్రింట్ మధ్యలో తెగిపోతోందా? ముందు టేపు పట్టి కొలవండి

రోల్ కాగితం మీద కొట్టే పెద్ద ప్రింటర్‌కి 18 అడుగుల పనోరమా (పక్కపక్కన తీసిన ఫోటోలు కలిపి కుట్టిన పొడవాటి బొమ్మ) పంపితే 11 అడుగులు కూడా రాకుండానే ఆగిపోతుంది. కట్టర్ వచ్చి శుభ్రంగా కోసేస్తుంది. ప్యానెల్ మీద ఎర్రర్ ఉండదు, పని పూర్తయినట్టే చూపిస్తుంది. అప్పుడు చాలామంది చేసేది ఒకటే, మళ్లీ ప్రింట్ కొట్టడం. రెండోసారీ అక్కడే తెగుతుంది. ఆ తర్వాత కేబుల్ మారుస్తారు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తారు. పాడైన కాగితం చేతిలోనే ఉంటుంది, దాని పొడవు మాత్రం ఎవరూ కొలవరు. "ఎన్ని అంగుళాల దగ్గర తెగింది?" అని అడిగితే "సుమారు సగానికండీ" అంటారు. సుమారుతో పని జరగదు. కారణం ఏంటో ఆ అంగుళాల లెక్కే చెబుతుంది.

రోల్ ఎక్కించడం, నాజిల్ చెక్, కాగితానికి తగ్గ ప్రొఫైల్ ఎంచుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. రోల్‌లో ఎంత మిగిలిందో ప్రింటర్ చూపించే అంకె, ఎక్కించేటప్పుడు మీరు కొట్టిన పొడవు మీద ఆధారపడుతుంది. సగం వాడిన రోల్‌కి 15 మీటర్లని కొట్టి ఉంటే అది 15 నుంచే తీసేస్తూ పోతుంది. దాన్ని నమ్మకుండా రోల్ మందం కంటితో చూసుకోండి.

ఎర్రర్ లేకుండా మధ్యలో తెగిపోవడం

నా చేతిలో బాగా దెబ్బతిన్న పని ఇది. రాజమండ్రి గోదావరి ఆర్చ్ వంతెన, 28 ఆర్చీలూ కనిపించేలా కుట్టిన పనోరమా. ఒక హాలు గోడకి 22 అంగుళాల ఎత్తు, 216 అంగుళాల పొడవు కావాలన్నారు. 24 అంగుళాల కాటన్ కాగితం రోల్ ఎక్కించాను. 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) అది 6,600 × 64,800 పిక్సెళ్లు, 8 బిట్లలో 1.28 జీబీ. పదిహేడో ఆర్చీ మధ్యలో కాగితం తెగింది. ఫైలు బరువెక్కువైందనుకుని 150 పీపీఐకి దించి, అదే ఖరీదైన కాగితం మీద మళ్లీ కొట్టాను. మళ్లీ పదిహేడో ఆర్చీయే. రెండు ముక్కల్నీ నేల మీద పక్కపక్కన పరిస్తే అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. అప్పుడు టేపు తీశాను. 129 అంగుళాలు.

ఫైలు పొడవులో పిక్సెళ్లు సగమైనా తెగే చోటు కదల్లేదంటే పరిమితి పిక్సెళ్లది కాదు, పేజీ పొడవుది. విండోస్‌లో ప్రోగ్రాము నుంచి డ్రైవర్‌కి పేజీ వివరాలు మోసుకెళ్లే డెవ్‌మోడ్ అనే అమరిక ఒకటుంది. అందులో కాగితం పొడవుకి కేటాయించిన గడి 16 బిట్లది, కొలత మిల్లీమీటరులో పదో వంతు. ఆ గడిలో పట్టే అతి పెద్ద అంకె 32,767. అంటే 3,276.7 మిల్లీమీటర్లు, మన లెక్కలో 129 అంగుళాలు, 10 అడుగుల 9 అంగుళాలు. మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఈ 328 సెంటీమీటర్ల హద్దు రాసి ఉంటుంది. కొన్ని డ్రైవర్లు తమ సొంత గడుల్లో అసలు పొడవు దాచుకుని దీన్ని దాటతాయి. కానీ మీరు వాడే ప్రోగ్రాము ఆ సొంత గడి చదవకపోతే ఫలితం పాత కథే.

మోసం ఎక్కడంటే, కస్టమ్ సైజులో 216 అంగుళాలు కొడితే డ్రైవర్ ఒప్పుకుంటుంది. ప్రివ్యూలో బొమ్మ మొత్తం కనబడుతుంది. ప్రింటర్ బ్రోషర్లో 18 మీటర్ల దాకా అని ఉంటుంది, దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఓఎస్, అప్లికేషన్ని బట్టి మారుతుందని కూడా ఉంటుంది. ఆ చిన్న అక్షరాల్లో ఉన్నది ఈ గడి గురించే.

తెగినది 129 దగ్గర కాకపోతే వేరే హద్దులు చూడండి. సరిగ్గా 100 అంగుళాలైతే, ఫైలు 300 పీపీఐదైతే, అది 30,000 పిక్సెళ్లు. ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైలు ఏ వైపూ అంతకు మించి పట్టదు, పీఎస్‌బీగా సేవ్ చేయాలి, అది 3,00,000 దాకా పడుతుంది. 360 పీపీఐలో 91 అంగుళాలు, 300లో 109 వస్తే 32,767 పిక్సెళ్ల దగ్గర ఆగే పాత డ్రైవరో ప్రోగ్రామో మధ్యలో ఉందని అర్థం. 200 అంగుళాలు, అంటే 16 అడుగుల 8 అంగుళాల దగ్గర ఆగితే పీడీఎఫ్. పాత పద్ధతిలో పీడీఎఫ్ పేజీ హద్దు 14,400 పాయింట్లు (అంగుళానికి 72). పదో వంతు సైజులో పీడీఎఫ్ చేసి, ప్రింట్ చేసేటప్పుడు 1000 శాతానికి పెంచితే దాటిపోతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు బొమ్మను పిక్సెళ్లు తగ్గించి పెట్టకుండా మాత్రం చూసుకోండి. జేపెగ్ 65,535 పిక్సెళ్లు దాటదు. నా వంతెన దాని కింద కొద్దిలో ఇమిడింది.

పరిష్కారానికి వస్తే, ఫైలు పిక్సెళ్లు తగ్గించడం పిక్సెల్ హద్దులకే మందు, 129కి కాదు. 129 దాటాలంటే విండోస్ పేజీ అమరిక మీద ఆధారపడని దారి కావాలి. రిప్ (బొమ్మను ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చి పంపే ప్రత్యేక ప్రోగ్రాము) ఉంటే దాని నుంచి పంపండి. లేకపోతే ప్రింటర్ కంపెనీ ఇచ్చే లేఅవుట్ ప్రోగ్రాము చూడండి, ఎప్సన్ ప్రింట్ లేఅవుట్, కెనాన్ ప్రొఫెషనల్ ప్రింట్ అండ్ లేఅవుట్ లాంటివి. మ్యాక్‌లో ఈ డెవ్‌మోడ్ గడి ఉండదు, డ్రైవర్ సొంత హద్దు మాత్రం ఉంటుంది. ఇవేవీ లేనప్పుడు బొమ్మను రెండు ముక్కలు చేసి, ఆటో కట్ ఆపి, మార్జిన్లు లేకుండా వెంట వెంట పంపొచ్చు. అతుకు దగ్గర సన్న గీత కనిపించే అవకాశం ఎక్కువ కాబట్టి ఆకాశంలో విడగొట్టకండి. వంతెన స్తంభమో, చెట్టు మొదలో, గోడ అంచో చూసి అక్కడ విడగొట్టండి.

ఏ దారి పట్టినా మంచి కాగితం ఎక్కించే ముందు ఈ పరీక్ష చేయండి. అసలు ఫైలుకి ఎన్ని పిక్సెళ్లుంటే అన్ని పిక్సెళ్లతోనే తెల్ల ఫైలు ఒకటి తయారు చేసి, అడుగడుగుకీ ఒక గీత, పక్కన 1, 2, 3 అని 18 వరకు అంకెలు పెట్టండి. మామూలు బాండ్ రోల్ మీద డ్రాఫ్ట్‌లో కొట్టండి. ఇంకు దాదాపు ఖర్చు కాదు. ఏ అంకె దగ్గర ఆగితే హద్దు అక్కడుంది. ఈ ఒక్క పరీక్ష నేను ముందే చేసి ఉంటే 21 అడుగుల కాటన్ కాగితం మిగిలేది.

బొమ్మ మొత్తం వచ్చింది, పొడవు మాత్రం కలవలేదు

అదే అంకెల ప్రింటుని స్టీల్ టేపుతో కొలవండి. 216 అంగుళాల మీద 0.2 శాతం తేడా అంటే 11 మిల్లీమీటర్లు. ఫ్రేము ముందే చేయించి ఉంటే అది ఎక్కదు. కాగితం ఫీడ్ (ప్రతి వరుసకీ కాగితం ముందుకి జరిగే కొలత) సర్దుబాటుతో సరిచేయొచ్చు కానీ అడ్డ చారలు రాకుండా మీరు కుదుర్చుకున్న ఫీడ్ కూడా చాలా ప్రింటర్లలో అదే. చారలు పోయేలా ఫీడ్ కుదిర్చి, పొడవు తేడాని ఫైలులోనే సర్దండి. తేడా అంగుళాల్లో ఉంటే అది ఫీడ్ కాదు, ఎక్కడో "పేజీకి సరిపెట్టు" టిక్కు పడి ఉంది. ఎత్తు కూడా అదే నిష్పత్తిలో తగ్గిందా చూస్తే తేలిపోతుంది. వానాకాలంలో కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఒక రోజు ముందే రోల్‌ని ప్రింటర్ ఉన్న గదిలో పెట్టండి.

బొమ్మ ఒక అంచుకి జరిగిపోతోంది

మీటరుకి ఒక మిల్లీమీటరు ఒరిగితే ఏ3 ప్రింటులో తెలియదు, 18 అడుగుల చివరికి అయిదున్నర మిల్లీమీటర్లు అవుతుంది. కాగితం అంచు పైకి లేచి ఇంకు చిమ్మే హెడ్‌కి తగలొచ్చు కూడా. రోల్ వదులుగా చుట్టి ఉండటం, లేదా రోల్ పక్కన బిగించే బిళ్లకీ కాగితం అంచుకీ మధ్య సందు ఉండటమే దాదాపు ప్రతిసారీ కారణం. రోల్ దింపి, బిగించి చుట్టి, బిళ్లని అంచుకి ఆనించి ఎక్కించండి. ఒక మీటరు ఖాళీగా ఫీడ్ చేసి అంచు గీత మీదే వస్తోందా చూసి, వెనక్కి చుట్టండి. స్క్యూ (కాగితం వంకర) హెచ్చరిక విసిగిస్తోందని దాన్ని ఆఫ్ చేసి పొడవాటి ప్రింటు మొదలుపెట్టకండి.

ఒకే ఒక్క అడ్డ గీత, లేదా రంగు మారిన చోటు

అక్కడ ప్రింటర్ కాసేపు ఆగింది. ఆగినప్పుడు తడి ఇంకు ఆరిపోయి, తర్వాత పడిన వరుస దానితో కలవదు. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లడం, సీ డ్రైవ్‌లో స్పూల్‌కి (ప్రింటుకి వెళ్లే ముందు ఫైలు తాత్కాలికంగా నిలిచే చోటు) జాగా చాలకపోవడం, సన్నని వైఫై, మధ్యలో కార్ట్రిడ్జ్ అయిపోవడం, ఇవే కారణాలు. స్లీప్ ఆపేయండి, ల్యాన్ కేబుల్ పెట్టండి, 20 జీబీ ఖాళీ ఉంచండి. అడుగంటిన కార్ట్రిడ్జ్‌ని ముందే మార్చి, తీసినది తర్వాత చిన్న ప్రింట్లకి వాడుకోండి. కరెంటు పోయే వేళ తెలిసిందే కదా, ప్రింటరూ కంప్యూటరూ రెండూ యూపీఎస్ మీద ఉండాలి.

ముందు బాగుండి, కొన్ని అడుగుల తర్వాత చారలు

బయటికొచ్చిన కాగితం బరువు లాగుతోంది. లేదా కింద మడతపడి వెనక్కి తోస్తోంది. టేక్ అప్ రీల్ (ప్రింటయిన కాగితాన్ని చుట్టుకునేది) ఉంటే వాడండి, లేకపోతే ముందు నున్నటి బల్ల వేసి ఒక మనిషిని నిలబెట్టండి. ఆయన కాగితాన్ని పట్టుకోవాలి గానీ లాగకూడదు.

మిగతావి అరుదు. ఎన్‌కోడర్ పట్టీ (హెడ్ ఎక్కడుందో ప్రింటర్‌కి చెప్పేది) మీద మరక, రోల్ చివర కోర్‌కి అంటిన టేపు, ఎండాకాలం ఏసీ గదిలో స్టాటిక్. పైవన్నీ చూశాక కూడా తేలకపోతేనే వాటి జోలికి వెళ్లండి. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే తెగిన పొడవు అంగుళాల్లో, ఫైలు పిక్సెళ్లలో, రెండూ చెప్పండి.