షేల్ పలకలో అమ్మోనైట్ – 3వ పాఠం: ఆరబెట్టడం, గట్టిపరచడం

బురద గట్టిపడి పొరలు పొరలుగా ఏర్పడిన రాయే షేల్. ఆ పలకను పొర వెంట విడదీయడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు విడిన పలక చెదిరిపోకుండా అల్మరాలోకి చేర్చే పని.

మన నమూనా ఇంగ్లండులోని సోమర్‌సెట్ తీరాన, వాచెట్ వద్ద దొరికే సైలోసెరాస్ ప్లానార్బిస్ అనే అమ్మోనైట్, అంటే చుట్ట తిరిగిన గుల్ల గల, ఇప్పుడు అంతరించిపోయిన సముద్రజీవి. సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితం, జురాసిక్ యుగారంభంలో బతికిన ఈ జీవి గుల్ల సముద్రపు బురదలో కూరుకుపోయి, పైన పేరుకున్న పొరల బరువుకు అప్పడంలా అణగిపోయింది. గండకీ నది సాలగ్రామాల్లోనూ అమ్మోనైట్లే ఉంటాయి గాని, అవి గట్టి ఉండలలో చిక్కుకున్నందువల్ల గుండ్రదనం నిలుపుకొన్నాయి. వాచెట్ గుల్లలో ఆరగోనైట్ అనే అసలు గుల్ల ఖనిజం చెడకుండా మిగిలినందున ఎరుపు, ఆకుపచ్చ రంగులు ముత్యపుచిప్పలో వలె తళుక్కుమంటాయి. ఉల్లిపొర వంటి ఆ రేకును కాపాడడమే ఈ పాఠమంతా.

తడి పలకను ఎండలో పెట్టకూడదు. పైభాగం ముందుగా ఆరి కుంచించుకుపోతుంది, అడుగు ఇంకా తడిగానే ఉంటుంది, దాంతో పొరలు లేచి గుల్ల రాలిపోతుంది. నా మొదటి పలకను కిటికీ గూట్లో ఉంచి, సాయంత్రానికి ఊదితే ఎగిరిపోయే పొట్టును చూసుకున్నాను. పలకను వార్తాపత్రికలో చుట్టి, మూత కాస్త తెరిచిన డబ్బాలో నీడన ఉంచి, కాగితాన్ని రోజూ మార్చండి. రెండు రోజులకొకసారి వంటింటి త్రాసుపై తూచి, బరువు తగ్గడం ఆగిన తరువాతే పూతకు పూనుకోవాలి.

పూతకు పారలాయిడ్ బి-72 అనే, గుల్లను గట్టిపరిచే పారదర్శక యాక్రిలిక్ రెసిన్ గుళికలను 100 మిల్లీలీటర్ల అసిటోన్‌కు 5 గ్రాముల చొప్పున కరిగించాలి. సన్నని కుంచె మొనను గుల్ల అంచుకు ఆనిస్తే చాలు, బొట్టు పగులులోకి తనంతట తానే పాకుతుంది. రుద్దితే రేకు కుంచెకు అంటుకుని వస్తుంది. తెల్లటి మసక కనబడితే లోపల తడి మిగిలి ఉందన్నమాట, అక్కడితో ఆపాలి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కనుక పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి పని చేయండి. మెరుపు కోసం వార్నిష్ పూసేవారున్నారు. నాకది అసలు నచ్చదు, ఎందుకంటే పారలాయిడ్‌ను తరువాత అసిటోన్‌తోనే తీసివేయవచ్చు, పసుపెక్కిన వార్నిష్‌ను రేకు చెడకుండా తీయడం కష్టం. వెనిగర్‌తో శుభ్రం చేస్తే గుల్లే కరిగిపోతుంది.

ఇత్తడి రంగు చుక్కలుంటే అది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తేమ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి పలకను తినేస్తుంది. విశాఖ వంటి సముద్రతీర నగరాల్లో ఉండేవారు గాజుపెట్టెలో తేమను పీల్చుకునే సిలికా జెల్ ఉంచి, అది తడిసినప్పుడల్లా మార్చాలి.

పలక వెనుక దొరికిన చోటు, తేదీ రాసిన చీటీ అంటించండి. వచ్చే పాఠంలో చెక్క పీఠం చేద్దాం; దానికి పలక మందాన్ని మూడు చోట్ల కొలిచి ఉంచుకోండి.