గుండె పాఠాలు – 7వ భాగం: థైరాయిడ్ ఎక్కువైనప్పుడు గుండె కండరం

గత పాఠంలో గుండె కండర కణంలోకి క్యాల్షియం ఎలా చేరుతుందో, చేరాక ప్రొటీన్ పోగులు ఒకదానినొకటి ఎలా పట్టి లాగుతాయో చూశాం. ఇంట్లో ఒకరు గాఢ నిద్రలో ఉన్నప్పుడు వారి నాడిని లెక్కపెట్టి రాసుకోమని కూడా చెప్పాను. ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది.

1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్, 1840లో జర్మనీలోని మెర్సెబర్గ్‌లో పనిచేసిన కార్ల్ ఫాన్ బాసెడో వేర్వేరుగా వర్ణించిన జబ్బులో గొంతువాపు పక్కనే గుండెదడ కూడా ఉంది. అంటే థైరాయిడ్‌కూ గుండెకూ ఉన్న సంబంధం, ఆ గ్రంథి ఏ హార్మోన్ తయారు చేస్తుందో తెలియకముందే వైద్యుల చేతివేళ్లకు తెలిసింది. ఈ సంబంధాన్ని చాలా పాఠ్యపుస్తకాలు ‘గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది’ అనే ఒక్క వాక్యంతో ముగిస్తాయి. ఆ వాక్యం తప్పు కాదు కానీ, సగం సంగతిని వదిలేస్తుంది. థైరాయిడ్ హార్మోన్ కండరం ముడుచుకోవడాన్ని ఎంత మారుస్తుందో, సడలడాన్ని కూడా అంతే మారుస్తుంది. నా దృష్టిలో ఈ పాఠానికి కీలకం ఆ సడలింపే.

గ్రంథి ఎక్కువగా విడుదల చేసేది టీ4 అనే హార్మోన్. శరీరంలోని ఇతర కణజాలాలు దానిలోంచి ఒక అయోడిన్ పరమాణువును తీసివేసి, చురుకైన టీ3గా మారుస్తాయి. గుండె కండర కణం ప్రధానంగా రక్తంలో తిరిగే టీ3 మీదే ఆధారపడుతుంది. లోపలికి వెళ్లిన టీ3 కేంద్రకంలోని గ్రాహకానికి అతుక్కుని, ఏ ప్రొటీన్ ఎక్కువ తయారు కావాలో, ఏది తగ్గాలో నిర్ణయిస్తుంది. అలా పెరిగే వాటిలో మనకు ముఖ్యమైనది సెర్కా అనే పంపు. తగ్గేది ఆ పంపును అదుపు చేసే ఫాస్ఫోలాంబాన్.

సెర్కా పని ఒక్కటే: ప్రతి స్పందన తరువాత కణంలో పరుచుకున్న క్యాల్షియాన్ని తోడి, తిరిగి నిల్వ సంచిలోకి పంపడం. పొలంలో నిలిచిన నీటిని మోటారుతో చెరువులోకి ఎత్తిపోయడం లాంటిదే ఇది. పంపులు ఎక్కువై, వాటి మీద అదుపు తగ్గితే క్యాల్షియం త్వరగా ఖాళీ అవుతుంది, కండరం త్వరగా సడలుతుంది. సంచి మరింత నిండి ఉంటుంది కనుక, తరువాతి స్పందనలో ఎక్కువ క్యాల్షియం బయటికి వచ్చి కండరం బలంగా ముడుచుకుంటుంది. ఒకే పంపు రెండు పనులనూ పెంచడం గమనించండి.

నాడి 72 ఉన్నప్పుడు ఒక్కో స్పందనకు 0.83 సెకన్లు దొరుకుతాయి. 110కి చేరితే దొరికేది 0.55 సెకన్లు మాత్రమే, అందులోనూ ఎక్కువగా కుదించుకుపోయేది జఠరిక (గుండె కింది గది) నిండే సమయమే. సడలింపు త్వరపడకపోతే ఆ కొద్ది వ్యవధిలో గుండె నిండదు. ఈ త్వరకు ఖర్చు కూడా ఉంది: రెండు క్యాల్షియం అయాన్లను ఎత్తడానికి ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి, కాబట్టి గుండెకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. థైరాయిడ్ హార్మోన్ కండరాన్ని లాగే ప్రొటీన్ మయోసిన్‌లో నెమ్మది రకాన్ని తగ్గించి వేగపు రకాన్ని పెంచుతుందని చదివి ఉంటారు. అది ఎలుకల గుండెలో స్పష్టంగా కనిపించే మార్పు. మనిషి జఠరికలో నెమ్మది రకానిదే ఆధిక్యం కాబట్టి, మన విషయంలో క్యాల్షియం కథకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇప్పుడు లెక్క. ఆరోగ్యవంతుడి బీపీ 120/80, నాడి 72, ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుందనుకుందాం. నిమిషానికి సుమారు 5 లీటర్లు. థైరాయిడ్ ఎక్కువైన వ్యక్తికి 150/60, నాడి 110, స్పందనకు 85 మిల్లీలీటర్లు అనుకుంటే, నిమిషానికి సుమారు 9.4 లీటర్లు. కింది బీపీకి రెండింటి తేడాలో మూడో వంతు కలిపి సగటు పీడనం కట్టండి: మొదటివారికి 93, రెండోవారికి 90. ప్రవాహం దాదాపు రెట్టింపైనా సగటు పీడనం పెరగలేదంటే, రక్తనాళాల నిరోధం సగానికి పడిపోయిందన్నమాట. ఈ రోగి అరచేయి పట్టుకుంటే వెచ్చగా, చెమ్మగా ఉండటానికీ, మణికట్టు దగ్గర నాడి వేలిని ఎత్తి కొట్టినట్టు తగిలి చటుక్కున పడిపోవడానికీ కారణం అదే.

ఇంత బలంగా కొట్టుకునే గుండె ఉన్న మనిషి మెట్లెక్కితే ఎందుకు ఆయాసపడతాడు? విశ్రాంతిలోనే గుండె తన నిల్వ శక్తిలో చాలా భాగం వాడేసుకుంది, శ్రమ వచ్చేసరికి పెంచడానికి మిగిలింది తక్కువ. తొడ కండరాల బలహీనత కూడా దీనికి తోడవుతుంది. చికిత్స లేకుండా ఎక్కువ కాలం గడిస్తే, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, కర్ణికల (గుండె పై గదుల) లయ తప్పడం, గుండె వైఫల్యం రావచ్చు.

ఇక మీ కాగితం. ఆందోళన వల్ల వచ్చే దడ సాధారణంగా నిద్రలో తగ్గుతుంది, థైరాయిడ్ వల్ల పెరిగిన నాడి నిద్రలోనూ వేగంగానే ఉంటుంది. బొటనవేలితో కాక, చూపుడు, నడిమి వేళ్లతో పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లయ తప్పడం మీ వేళ్లకు అందకపోవచ్చు. నిద్రలో నాడి 90 దాటుతున్నా, లయ తప్పుతున్నా ఆ అంకెలతో వైద్యుణ్ని కలిసి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష గురించి అడగాలి. ఛాతీనొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే ఆ రోజే వెళ్లాలి.

వచ్చే పాఠంలో మందుల సంగతి: ప్రొప్రనలాల్ దడను త్వరగా తగ్గిస్తే, థైరాయిడ్ హార్మోన్ తయారీని అడ్డుకునే కార్బిమజోల్‌కు వారాలు ఎందుకు పడుతుంది? అంతలోగా 140/70, నాడి 100, స్పందనకు 80 మిల్లీలీటర్లు అనుకుని సగటు పీడనం, నిమిషపు ప్రవాహం కట్టి ఉంచండి.